జిల్లా స్థాయి డ్రా షాట్ మెరుగుదల కమిటీ

మా జిల్లాలో కలెక్టరు గారి మాట వినని వస్తువు ఒకే ఒక్కటి ఉండేది. అది ఆఫీసర్స్ క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల మీద ఉండే తెల్లబంతి.

మిగతావన్నీ వినేవి. ఒకసారి తుపాను కూడా, ఆయన సమీక్షా సమావేశం పెట్టిన గంటలోపే పక్క జిల్లాకి తప్పుకుంది. ఆ ఘనతను మినిట్స్‌లో ఎక్కించింది నేనే. నా పేరు జోగారావు. కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఏ సమావేశం జరిగినా చివరి కుర్చీలో కూర్చుని, పెద్దలు అన్నదాన్ని పెద్దలు అనదలచుకున్నట్టుగా రాయడం నా ఉద్యోగం. అందుచేత ఈ వ్యవహారమంతా నా చేతిరాతలోనే ఉంది.

కలెక్టరు గారు చెడ్డమనిషి కారు. చిన్నవయసు, చురుకు, నేర్చుకోవాలనే తపన. ఫోన్లో ఏదో వీడియో చూసి డ్రా షాట్ మీద మనసు పడ్డారు. కర్రతో తెల్లబంతిని కొడితే అది ముందున్న రంగుబంతిని తాకి, అక్కడ ఆగిపోకుండా, దాని వెంట పోకుండా, కొట్టినవాడి దగ్గరికే వెనక్కి రావాలి. అదీ డ్రా షాట్. క్లబ్బులో పాత మెంబర్లు దాన్ని స్క్రూ అనేవారు. మార్కరు నూకరాజు మాత్రం ‘ఎనకదెబ్బ’ అనేవాడు.

ఆ బల్లకు నూకరాజు ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా మార్కరు. బంతులు తుడవడం, ఆకుపచ్చ గుడ్డను బ్రష్షుతో ఒకే వాలుకి దువ్వడం, స్కోరు చెప్పడం, కొత్తగా వచ్చిన అధికారులకు ఆట నేర్పి, ఆ తర్వాత వాళ్ళ చేతిలో ఓడిపోవడం అతని పని. పొట్టిమనిషి. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడినప్పుడు నిజమే మాట్లాడేవాడు. అదే అతని కొంప ముంచింది.

ఒక ఆదివారం ఉదయం కలెక్టరు గారు తొమ్మిదిసార్లు ప్రయత్నించారు. నాలుగుసార్లు బంతి తాకి అక్కడే నిలబడిపోయింది. నాలుగుసార్లు ముందుకే పోయింది. తొమ్మిదోసారి గాల్లోకి లేచి పౌరసరఫరాల అధికారి మోకాలిచిప్పకు తగిలింది. ఆయన కలెక్టరు గారికి క్షమాపణ చెప్పుకున్నారు.

"నూకరాజూ, నువ్వోసారి కొట్టు" అన్నారు కలెక్టరు గారు.

నూకరాజు కర్ర మొనకు సుద్ద రాశాడు. వంగాడు. మెత్తగా కొట్టాడు. ఎర్రబంతి గోతిలో పడింది. తెల్లబంతి, మరిచిపోయిన గొడుగు కోసం వచ్చినట్టు, తిరిగి అతని చేతి దగ్గరికి వచ్చి ఆగింది.

"నాకెందుకు రావట్లేదు? లోపం ఎక్కడుంది?"

"వంగాలండి" అన్నాడు నూకరాజు. "తమరు నిలబడి కొడతన్నారండి. గెడ్డం కర్రకి ఆనేదాకా వంగి, బంతి అడుగున మెత్తగా కొట్టి, కర్రని ఆపకుండా ముందుకి పోనివ్వాలండి. అప్పుడదే ఒస్తాదండి."

కలెక్టరు గారి నడుం అప్పటికే రెండంగుళాలు వంగింది. నేను కళ్ళారా చూశాను. ఈ కథ ఆ రెండంగుళాల దగ్గరే ముగిసిపోవలసింది. ఇంతలో ఆర్డీవో కాంతారావు గారు ముందుకొచ్చారు.

"నూకరాజూ! ఎవరిని వంగమంటున్నావో తెలుస్తోందా?"

"బంతి కొట్టేవాళ్ళనండి."

"వారు జిల్లా మేజిస్ట్రేటు. పాతిక లక్షల జనాభాకు పాలకులు. ఒక బంతి ముందు వంగుతారా?"

కలెక్టరు గారి నడుం మళ్ళీ నిటారయింది.

"సార్, ఇది వ్యక్తిగత లోపం కానే కాదు" అన్నారు కాంతారావు గారు. "ఇది వ్యవస్థాగత లోపం. దీన్ని యుద్ధ ప్రాతిపదికన సరిదిద్దవలసి ఉంది."

కలెక్టరు గారు కర్రను గోడకానించి, కాసేపు ఆలోచించి, "నోట్ పెట్టండి" అన్నారు.

సోమవారం సాయంత్రానికి ‘జిల్లా స్థాయి డ్రా షాట్ మెరుగుదల కమిటీ’ ఏర్పడింది. చైర్మను కాంతారావు గారు. సభ్యులు పదకొండుమంది. బల్ల ఉంది కనుక రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు, గుడ్డ పచ్చగా ఉంది కనుక వ్యవసాయ శాఖ జేడీ, వెనకటికి బంతులు ఏనుగు దంతంతో చేసేవారు కనుక అటవీ శాఖ రేంజరు సభ్యులయ్యారు. బిలియర్డ్స్ తెలిసినవాణ్ణి ఒకణ్ణి వేస్తే బాగుంటుందేమోనని ఒక సభ్యుడు నసిగాడు.

"ఆట తెలిసినవాడు ఉంటే కమిటీ నిష్పాక్షికత దెబ్బతింటుంది" అన్నారు చైర్మను గారు. నేను రాసుకున్నాను.

మొదటి సమావేశం పేర్ల దగ్గరే ఆగిపోయింది. విద్యాశాఖ తరఫున వచ్చిన అనంతాచార్యులు గారు పరాయి పేర్లతో ప్రజాపాలన సాగదన్నారు. డ్రా షాట్‌కు ‘ప్రత్యాకర్షక తాడనము’ అని, కర్రకు ‘తాడనదండము’ అని, బంతికి ‘గోళము’ అని తీర్మానించారు. సుద్దకు ‘దండాగ్రలేపనము’ అన్నారు.

"సుద్దని సుద్ద అనే అనొచ్చు కదండీ?" అన్నాను నేను, చెయ్యి నొప్పెట్టి.

"అనవచ్చును. కానీ అందరికీ అర్థమైపోతుంది" అన్నారాయన.

నెల తిరక్కుండా అరవైనాలుగు పేజీల కరదీపిక అచ్చయింది. అందులో వంగడం గురించి ఒకే వాక్యం ఉంది: ‘ఉన్నతాధికారుల విషయమున, శరీరమును వంచుటకు బదులు బల్లను పెంచుకొనవచ్చును.’ ఆ వాక్యాన్ని పట్టుకుని ఇంజనీరు గారు బల్ల ఎనిమిది కాళ్ళ కింద తొమ్మిదేసి అంగుళాల సిమెంటు దిమ్మలు పెట్టించారు. బల్ల కలెక్టరు గారి రొమ్ము దాకా వచ్చింది. నూకరాజుకు బంతులు కనిపించక, ముక్కాలిపీట ఎక్కి స్కోరు చెప్పేవాడు. కలెక్టరు గారు నిటారుగా నిలబడే కొట్టారు. బంతి ముందుకే పోయింది.

"సత్ఫలితాలు కనిపిస్తున్నాయి" అని రాయమన్నారు కాంతారావు గారు. ఏం కనిపిస్తున్నాయని నేనడగలేదు.

తరవాత లక్ష్యాలు వచ్చాయి. ప్రతి మండలం వారానికి ఇరవై డ్రా షాట్లు సాధించి, ఫొటోతో సహా యాప్‌లో ఎక్కించాలని కాంతారావు గారు వీడియో సమావేశంలో ఆదేశించారు. భవాని గారని ఒక తహసీల్దారు ధైర్యం చేసి, "సార్, జిల్లా మొత్తానికి బల్ల ఒక్కటే ఉంది కదండీ. అదీ క్లబ్బులో ఉంది" అంది.

"బల్ల లేకపోవడం కారణం కాదమ్మా. సాకు!"

మరుసటి వారానికి అన్ని మండలాలూ నూటికి నూరు సాధించాయి. క్యారమ్ బోర్డుల మీద కొట్టినవాళ్ళున్నారు. ఆఫీసు బల్ల మీద నిమ్మకాయలతో కొట్టి ఫొటో దిగినవాళ్ళున్నారు. భవాని గారి మండలం ఒక్కటే సున్నా చూపించింది. ఆవిడకు మెమో వెళ్ళింది. సూర్యప్రకాశం గారనే మరో తహసీల్దారు మాత్రం వారానికి నాలుగువందల పన్నెండు చూపించారు. ఇదెలా సాధ్యమైందో నలుగురికీ చెప్పమని ఆయన్ని వేదిక ఎక్కించారు.

"చాలా తేలికండి" అన్నారాయన వినయంగా. "కరదీపిక ఏమంటోంది? బయల్దేరిన గోళం ముందుకు వెళ్ళి, ఎదుటిదాన్ని తాకి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. మా మండలంలో అర్జీదారుడు అర్జీ ఇస్తాడు. మేం జిల్లాకు పంపుతాం. అది ఇక్కడ ఒక సెక్షన్‌ను తాకుతుంది. ‘తగు చర్య నిమిత్తం’ అని రాయించుకుని మళ్ళీ మా దగ్గరికే వస్తుంది. ఇంతకన్నా స్వచ్ఛమైన ప్రత్యాకర్షక తాడనము ఎక్కడుందండీ?"

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. అంతవరకూ తిరిగొచ్చిన అర్జీ అంటే మాకు నామోషీ. ఆ రోజు నుంచి అది సాధన. సెక్షన్లన్నీ పోటీలు పడి అర్జీలను వెనక్కి కొట్టాయి. తెలియక పరిష్కరించినవాళ్ళకు సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి.

పోలమాంబ అనే ఆవిడ తమ పేటలో చెడిపోయిన చేతిపంపు బాగుచేయించమని పెట్టుకున్న అర్జీ పదకొండుసార్లు తిరిగొచ్చింది. జిల్లాలో అదే రికార్డు. ఆవిణ్ణి జీపులో పిలిపించి, కలెక్టరు గారి చేతుల మీదుగా శాలువా కప్పించారు. పంపు మాత్రం ముట్టుకోలేదు. బాగైతే అర్జీ ఆగిపోతుంది.

"శాలవా ఎందుకు బాబూ? మాసిపోతే జాడించుకోడానికి నీళ్ళేయి?" అంది పోలమాంబ మైకులో.

కలెక్టరు గారు ఉలిక్కిపడి కాంతారావు గారి వైపు చూశారు. "ఆనందంలో మాట తడబడుతోందండీ" అన్నారు కాంతారావు గారు. మళ్ళీ చప్పట్లు.

జిల్లా పేరు రాజధానిదాకా వెళ్ళింది. ఈ నమూనాను స్వయంగా చూడటానికి ప్రిన్సిపల్ సెక్రటరీ గారు వస్తున్నారని, కలెక్టరు గారు కొట్టే డ్రా షాట్‌ను ప్రత్యక్షంగా తిలకిస్తారని కబురొచ్చింది. కమిటీలో గాలి ఆగిపోయింది. అర్జీలు వెనక్కొస్తున్నాయి, నిమ్మకాయలు వెనక్కొస్తున్నాయి, కలెక్టరు గారి బంతి ఒక్కటే రావడం లేదు.

దారి ఇంజనీరు గారు చూపించారు. "బంతి రాకపోతే బల్లని వంచుదాం. కలెక్టరు గారి వైపు అంగుళమున్నర పల్లం చేస్తే రాక చస్తుందా?"

ఈ మాట నూకరాజు చెవిన పడింది. క్లబ్బు వరండాలో కమిటీ టీ తాగుతుంటే చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, అది చెక్కబల్ల కాదండి. గుడ్డ కింద అయిదు రాతి పలకలున్నాయండి. ఓడలో ఒచ్చిన రాయండి. అయిదూ ఒకే మట్టంలో ఉంటేనే ఒకదాన్నొకటి మోసుకుంటాయండి. జాకీలెట్టి లేపితే మజ్జి పలక పగిలిపోద్దండి."

"నీకు సర్టిఫికెట్టుందా?" అన్నారు కాంతారావు గారు.

"దేనికండి?"

"ప్రత్యాకర్షక తాడనములో అర్హతా ధ్రువపత్రం. పోయిన నెల నుంచి అది లేనివాళ్ళు తాడనదండము ముట్టుకోకూడదని ఉత్తర్వుంది."

"నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళ నుంచి..."

"అది అనుభవం. అర్హత కాదు."

ఆ ధ్రువపత్రం ఇచ్చేది కాంతారావు గారే. పరీక్ష కరదీపికలోంచి వస్తుంది. ఆ మర్నాడే నూకరాజు పరీక్షకు కూర్చున్నాడు. ‘దండాగ్రలేపనము అనగానేమి?’ అన్న మొదటి ప్రశ్నకే తప్పాడు. జేబులో సుద్దముక్క పెట్టుకునే తప్పాడు. అప్పటినుంచి అతన్ని గది లోపలికి రానివ్వక, తలుపు దగ్గర నిలబెట్టారు.

ఇంతలో ఇంకో చిక్కొచ్చింది. కలెక్టరు గారి తరవాత ప్రిన్సిపల్ సెక్రటరీ గారు కూడా ఒక షాటు కొడతామన్నారు. వారు నిలబడేది అటు చివర. పల్లం కలెక్టరు గారి వైపుంటే పెద్దవారి బంతి వెనక్కి రాదు. అది సీనియారిటీకి భంగం. రెండు రోజులు ఫైలు నడిచాక, ఎవరు కొడితే వారి వైపు పల్లం ఉండేలా రెండు చివరలా జాకీలు పెట్టాలని, బల్ల చుట్టూ జరీ గుడ్డ వేలాడదీసి లోపల నలుగురు సిబ్బందిని కూర్చోబెట్టాలని తేల్చారు. కాంతారావు గారు ఒకసారి దగ్గితే అటు చివర లేపాలి, రెండుసార్లు దగ్గితే ఇటు చివర.

ఆ రోజు పదకొండు గంటలకు సభ. కలెక్టరు గారు కర్ర పట్టుకున్నారు. ముఖం పాలిపోయి ఉంది. కాంతారావు గారు ఒకసారి దగ్గారు. బల్ల కిర్రుమంది. కలెక్టరు గారు కొట్టారు. తెల్లబంతి ఎర్రదాన్ని తాకి, వెనక్కి వచ్చింది. దాని వెనకే ఎర్రబంతీ వచ్చింది. అవతల మూల ఊరికే ఉన్న మూడో బంతి కూడా బయల్దేరి వచ్చింది. మూడూ కలెక్టరు గారి ముందు వరసగా నిలబడ్డాయి. చప్పట్లే చప్పట్లు. కలెక్టరు గారు మాత్రం ఆ బంతుల్ని చూసి తలదించుకున్నారు.

"అద్భుతం. ఇప్పుడు నేను" అన్నారు ప్రిన్సిపల్ సెక్రటరీ గారు అటు వెళ్తూ.

కాంతారావు గారు రెండుసార్లు దగ్గారు. సరిగ్గా అప్పుడే, స్వాగతానికి చల్లిన పన్నీరు పడక వ్యవసాయ శాఖ జేడీ గారు కూడా గట్టిగా ఒకసారి దగ్గారు. లోపలివాళ్ళు ఉత్తర్వులు పాటించారు. ఇటూ లేపారు, అటూ లేపారు.

ఠప్పుమని చప్పుడు. నడిబొడ్డున ఆకుపచ్చ గుడ్డ కుంగిపోయింది. బంతులన్నీ అందులోకి దొర్లి, ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి.

తలుపు దగ్గర్నుంచి నూకరాజు లోపలికొచ్చాడు. ఎవరూ ఆపలేదు. గుడ్డ మీదుగా చెయ్యి పోనిచ్చి, విరిగిన అంచును తడిమాడు. జబ్బుపడ్డ పశువు డొక్కను తడిమినట్టు తడిమాడు.

"అతుకుతుందా నూకరాజూ?" అన్నారు కలెక్టరు గారు మెల్లగా.

"రాయి కదండీ. అతకదండి."

"ఇది కూడా ప్రదర్శనలో భాగమా?" అని ప్రిన్సిపల్ సెక్రటరీ గారు అడిగారు.

"చిత్తం సార్" అన్నారు కాంతారావు గారు తడుముకోకుండా. "గోళములన్నీ ఏకకాలంలో కేంద్రాభిముఖం కావడం. దేశంలో ఇదే ప్రథమం."

ప్రిన్సిపల్ సెక్రటరీ గారు తృప్తిగా తలూపి భోజనానికి వెళ్ళారు.

బల్ల విరిగినందుకు విచారణ జరిగింది. విచారణాధికారి కాంతారావు గారే. నివేదికలోని ముఖ్యభాగం ఇది: ‘మధ్య పలక పగులునని సదరు మార్కరు ముందుగానే చెప్పియున్నాడు. పగులు సంగతి అతనికి తప్ప వేరెవరికినీ తెలియదు. కావున ఇందుకు అతనే బాధ్యుడు.’

చెబుతూ ఉంటే రాసింది నేను. కలం ఒక్క క్షణం ఆగింది. ఆగిన సంగతి ఎవరూ గమనించలేదు. మళ్ళీ నడిచింది. నూకరాజును ఉద్యోగంలోంచి తీసేశారు. కలెక్టరు గారు సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని మూడు రోజులు బల్ల మీద ఉంచుకున్నారని వారి గది ముందుండే డఫేదారు చెప్పాడు. నాలుగో రోజు పెట్టారు.

బల్ల లేకపోయినా పథకం ఆగలేదు. నిజానికి బల్ల అడ్డు తొలగిపోయాక అంకెలు ఇంకా పెరిగాయి. రాష్ట్రమంతటికీ విస్తరించారు. కలెక్టరు గారు రాజధానికి బదిలీ మీద వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు నూకరాజు ఎక్కడున్నాడని నన్నడిగారు. తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. కాంతారావు గారికి పదోన్నతి వచ్చింది.

పథకానికి అవార్డు వచ్చింది. ఆ అవార్డు పుస్తకంలోకి ఒక ‘లబ్ధిదారుని విజయగాథ’ కావాలన్నారు. డ్రా షాట్ నిజంగా కొట్టగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అని జిల్లా అంతా వెతికితే ఒక్కడే తేలాడు. ఫారం పట్టుకుని నన్ను వెళ్ళమన్నారు.

నూకరాజు ఇంజనీరింగ్ కాలేజీ ఎదుట, టిఫిన్ హోటలు మేడ మీద కొత్తగా పెట్టిన పూల్ పార్లర్లో ఉన్నాడు. నాలుగు చిన్న బల్లలు. మధ్యాహ్నం కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతోంది. ఒక అమ్మాయి కర్ర పట్టుకుని ఉంటే, "కంగారొద్దమ్మా, మణికట్టు ఒదులుగా ఉంచు. కోపంగా కొడితే ఎనక్కి రాదు" అంటున్నాడు. నన్ను చూసి నవ్వి, కుర్చీ తుడిచి, టీ చెప్పాడు.

ఫారం తియ్యడానికి చెయ్యి రాలేదు. ముందు వేరే మాట బయటికొచ్చింది. "నూకరాజూ, ఆ విచారణ రిపోర్టు రాసింది నేనేనయ్యా."

"తెలుసండి. నాకిచ్చిన కాయితంలో తమ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయండి."

టీ చల్లారాక ఫారం బయటికి తీశాను. అతనే దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కళ్ళకు దూరంగా పెట్టుకుని చదివాడు. ‘ప్రభుత్వ శిక్షణ వల్ల ప్రత్యాకర్షక తాడనము నేర్చుకుని జీవనోపాధి పొందుచున్నాను.’

"ఇందులో సంతకం ఎడితే మళ్ళీ రారు కదండీ?"

"రాము."

గోడకానించి సంతకం పెట్టాడు. కింద రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నేను కలం తీశాను.

"శిక్షణకు ముందు నైపుణ్యం ఎంత అని అడుగుతున్నారు, నూకరాజూ."

"సున్నా అని ఏసెయ్యండి. తరవాతదో?"

"శిక్షణ తరవాత. నూటికి నూరు వెయ్యమన్నారు."

అతను కర్రకు సుద్ద రాసుకుంటూ కాస్త ఆలోచించాడు.

"తొంబై తొమ్మిది ఎయ్యండి, జోగారావు గారూ" అన్నాడు. "నమ్మేలా ఉంటాది."